పాదానికి తెడ్డు కడితే

గంజాం జిల్లా గోపాల్‌పూర్ తీరంలో తెలుగు మాట్లాడే మా జాలరులను ఒడియావాళ్ళు నోలియాలంటారు. చిన్నప్పుడు పెదనాన్నతో తెప్పెక్కి, చేతికి దొరికిన చెక్కముక్కతో నీళ్ళని గబగబా బాదేవాణ్ణి. "కొట్టకురా, తొయ్యి" అనేవాడు. చాలా ఏళ్ళ తర్వాత అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌లో స్కూబా డైవింగ్‌కి వెళ్ళి, కాళ్ళకి ఫిన్స్, అంటే ఈతకోసం పాదాలకి తొడిగే రెక్కలు, వేసుకుని మళ్ళీ బాదడం మొదలుపెట్టాను. పది నిమిషాలకే పిక్క పట్టేసింది. అప్పుడు గుర్తొచ్చింది ఆ మాట.

అందులో ఉన్నది న్యూటన్ మూడో సూత్రమే. మనం నీటిని వెనక్కి తోస్తే అది మనల్ని ముందుకు తోస్తుంది. కొంచెం నీటిని జోరుగా తోయవచ్చు, ఎక్కువ నీటిని మెల్లగానూ తోయవచ్చు. నాలుగు రెట్ల నీటిని నాలుగో వంతు వేగంతో తోసినా వచ్చే తోపు ఒకటే. కానీ నీటికి ఇచ్చే శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, రెండో పద్ధతిలో ఆ ఖర్చు నాలుగో వంతే. వెడల్పాటి ఫిన్ చేసే మేలు ఇదే. అలాగని మరీ గట్టి బ్లేడు (పాదం ముందు చాపుకుని ఉండే రెక్క భాగం) ఉన్నది కొంటే దాన్ని వంచడానికే కండరాలు అలిసిపోతాయి, సిలిండర్‌లో గాలీ తొందరగా అయిపోతుంది. మామూలు కాళ్ళకి మధ్యరకం బ్లేడు చాలు. మోకాలితో తన్నకుండా తుంటి దగ్గర్నుంచి కదపాలి.

అయినా నా అనుభవంలో బ్లేడు కంటే ముందు చూడాల్సింది పాదం పట్టే చోటు. ఫిన్స్‌లో ముఖ్యంగా రెండు రకాలున్నాయి. ఒకటి మడమ కూడా మూసేసి బూటులా ఉంటుంది, ఉత్తి కాలితోనే తొడుక్కోవచ్చు. రెండోదానికి వెనక స్ట్రాప్ ఉంటుంది, లోపల నియోప్రీన్ అనే మెత్తటి రబ్బరుతో చేసిన బూటీలు వేసుకోవాలి. ఒడ్డు నుంచి రాళ్ళు తొక్కుకుంటూ నీళ్ళలోకి దిగేవాళ్ళకి బూటీలు తప్పనిసరి. పడవ మీద నుంచి దిగేవాళ్ళకి ఆ బాధ లేదు. పైగా అండమాన్ నీళ్ళు 27 నుంచి 30 డిగ్రీల దాకా వెచ్చగా ఉంటాయి, పాదాలకి చలి బెడదా లేదు. అందుకే పలచటి సాక్స్ మీద మూసిన రకమే నా ఓటు. బరువు తక్కువ, సామానూ తక్కువ.

కానీ పడవ ఒడ్డుదాకా రాకపోతే మోకాలి లోతు నీళ్ళలో పగడపు ముక్కల మీద నడవాల్సి వస్తుంది. ఇనప నిచ్చెన మెట్లు కూడా ఉత్తి పాదాలని కోస్తాయి. అలాంటి చోట బూటీలే నయం. బుక్ చేసుకునేటప్పుడే ఎలా ఎక్కాలి, ఎక్కడ దిగాలి అని పడవవాళ్ళని అడగండి.

బూటీలతో ఒక చిత్రం ఉంది. నియోప్రీన్ నిండా సన్నని గాలి బుడగలుంటాయి. పది మీటర్ల లోతులో ఒత్తిడి రెట్టింపవుతుంది, ఆ బుడగలు నలిగి దాదాపు సగానికి కుంచించుకుపోతాయి. పైన బిగుతుగా ఉన్న బూటీ కింద పలచబడి వదులవుతుంది. స్ప్రింగ్ స్ట్రాప్ అయితే ఆ వదులుని తనే లాక్కుంటుంది, మామూలు స్ట్రాప్ లాక్కోలేదు.

వదులు ఫిన్ ఎంత పని చేస్తుందో నాకు బాగా తెలుసు. అద్దెకిచ్చినవాళ్ళు "పర్లేదు, సరిపోతుంది" అంటే వేసుకున్నాను. కొత్త చెప్పు కరిచినట్టు మడమ మీద బొబ్బ లేచి, ఉప్పునీటికి భగ్గుమంది. రెండు రోజులు పడవలోనే కూర్చున్నాను. అందుకే కొనేటప్పుడు సాయంత్రం వెళ్ళండి, పగలంతా తిరిగాక పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. వాడబోయే సాక్స్ గానీ బూటీలు గానీ వేసుకునే చూడండి. కూర్చుని కాలెత్తి ఆడిస్తే మడమ లేవకూడదు, వేళ్ళు ముడుచుకోకూడదు.

రుషికుల్య నదీముఖం దగ్గర గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేలు ఇసుకలో ఒళ్ళు ఈడ్చుకుంటూ పోతుంది, నీళ్ళలో పడగానే ఎగిరినట్టు ఈదుతుంది. ఫిన్స్ వేసుకున్న మనిషిదీ అదే తీరు. కాబట్టి పడవ అంచుకి చేరాకే తొడుక్కోవాలి. తిరిగొచ్చాక తాడో నిచ్చెనో చేతికి దొరికిందాకా విప్పకూడదు, ఈలోగా చెయ్యి జారితే ఉత్తి కాళ్ళతో ప్రవాహానికి ఎదురీదలేం.

ఇంటికొచ్చాక మంచినీళ్ళతో కడిగి నీడలో ఆరబెట్టాలి. బ్లేడు మీద బరువు పడేలా గోడకి నిలబెట్టి వదిలేస్తే వంకర తిరుగుతుంది. మా ఇంట్లో అయితే వాటిని పెదనాన్న తెడ్డు పక్కనే పరిచి పెడతాను.