రైడ్లు ఎందుకు ఆగిపోయాయి? హార్బర్ పార్కు వివాదం వెనక కథ

హార్బర్ పార్కు స్థలం పేరు వార్తల్లోకి వచ్చిందంటే చాలు, విశాఖలో పాత ఆల్బమ్‌లు బయటికొస్తాయి. కైలాసగిరి టాయ్ ట్రెయిన్‌లోంచి చెయ్యి ఊపే పిల్లలు, వుడా పార్కు స్కేటింగ్ రింకు దగ్గర మోకాలికి కట్టుతో నిలబడ్డ కుర్రాడు, వెనకాల రంగులరాట్నం సగమే పడిన ఫ్యామిలీ ఫోటో. చూసినవాళ్ళు అనే మాట దాదాపు ఒకటే: ‘మన పిల్లలకి ఇవేవీ లేవు’. బీచ్ రోడ్డులోని ఆ స్థలాన్ని ప్రభుత్వం మాల్ కట్టుకోమని లులు సంస్థకి లీజుకివ్వడం గురించే ఇప్పటి గొడవ అయినా, అందులో వినిపించే కోపంలో చాలా భాగం పోయిన ఆ సాయంత్రాల గురించే.

కైలాసగిరి మీద రోప్‌వే ఎప్పుడొచ్చింది, కుర్సురా జలాంతర్గామి ఒడ్డుకెలా చేరింది అన్న సంగతులు ఇక్కడ మళ్ళీ చెప్పక్కర్లేదు. విజయనగరం, శ్రీకాకుళం, చోడవరం వైపు నుంచి కుటుంబాలు పొద్దున్నే బస్సెక్కి, సింహాచలంలో దర్శనం చేసుకుని, జూ చూసుకుని, ఆర్టీసీ కాంప్లెక్సులో 10కె బస్సు పట్టుకుని బీచ్ వైపు వచ్చిన రోజులు ఉత్తరాంధ్రలో చాలామందికి గుర్తే. అడగాల్సింది అదంతా ఎక్కడ తెగింది అని.

ఎవర్ని అడిగినా ముందు హుద్‌హుద్ అంటారు. 2014 అక్టోబరు 12న గంటకు 180 కిలోమీటర్లకు పైబడిన గాలితో తుపాను విశాఖ దగ్గరే తీరం దాటింది. కైలాసగిరి మీద చెట్లు కూలిపోయాయి, వుడా పార్కు రూపు చెదిరిపోయింది. ప్రపంచబ్యాంకు సాయంతో వుడా పార్కుని బాగుచేసి కొత్త రూపంలో ప్రారంభించేసరికి 2021 డిసెంబరు వచ్చింది. తుపాను ఒక్కరోజు, కోలుకోడానికి ఏడేళ్ళు. ఈ మధ్యలో నగరాభివృద్ధి సంస్థ వుడా కాస్తా వీఎంఆర్‌డీఏ అయింది. వింటే కథ సరిపోయినట్టే ఉంటుంది. కానీ తుపాను పడగొట్టినవాటిలో దేన్ని ముందు నిలబెట్టాలో, దేన్ని వదిలెయ్యాలో తేల్చింది గాలి కాదు కదా.

నా లెక్కలో అసలు మలుపు దానికి నాలుగు నెలల ముందే పడింది. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయింది, హైదరాబాద్ అటు పోయింది. మిగిలిన రాష్ట్రంలో పెద్ద నగరం విశాఖే. అప్పటిదాకా ఉత్తరాంధ్ర జనం సెలవు రోజు వచ్చిపోయే ఊరు ఒక్కసారిగా ప్రభుత్వం అతిథుల్ని పిలిచే ముందుగది అయింది. 2016 జనవరిలో పరిశ్రమల సమాఖ్య సీఐఐ పెట్టిన పెట్టుబడుల భాగస్వామ్య సదస్సు, ఆ వెంటనే ఫిబ్రవరిలో అంతర్జాతీయ నౌకాదళ సమీక్ష. బీచ్ రోడ్డు మెరిసిపోయింది, గోడలన్నీ బొమ్మలతో నిండాయి. సదస్సు 2017లోనూ 2018లోనూ విశాఖలోనే జరిగింది. హార్బర్ పార్కు దగ్గర, రాష్ట్ర పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ ఏపీఐఐసీ మైదానంలో ఏసీ టెంట్లు లేచాయి. సముద్రం కనిపించే ఖాళీ జాగాలో పిల్లలు ఆడుకుంటారన్న ఆలోచన పోయి, అక్కడ ఎంతమంది ప్రతినిధులు కూర్చోగలరన్న లెక్క మొదలైంది ఆ మూడేళ్ళలోనే.

2018 ఫిబ్రవరి సదస్సు రోజుల్లోనే హార్బర్ పార్కులో లులు కన్వెన్షన్ సెంటర్‌కు శంకుస్థాపన జరిగింది. 2019 అక్టోబరులో కొత్త ప్రభుత్వం ఆ కేటాయింపు రద్దు చేసింది. మళ్ళీ వచ్చిన పాత ప్రభుత్వం 2025లో 13.74 ఎకరాల్ని 99 ఏళ్ళ లీజుకి ఇదే సంస్థకి ఇచ్చింది, ఈసారి మాల్ కోసం. ఇచ్చినవాళ్ళనీ రద్దు చేసినవాళ్ళనీ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఎవరికి ఇవ్వాలన్న దగ్గరే. రద్దు చేసిన ప్రభుత్వ హయాంలోనే, 2023లో, సాలిగ్రామపురంలోని పోర్టు స్థలంలో ఇనార్బిట్ మాల్‌కు శంకుస్థాపన అయింది.

ఈలోగా రైడ్లు నడిపేవాళ్ళ మీద ఇంకో దెబ్బ పడింది, దీన్ని ఎవరూ పెద్దగా తల్చుకోరు. 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడు అమ్యూజ్‌మెంట్ పార్కుల్ని 28 శాతం శ్లాబులో పడేశారు. దేశమంతా గోల చేశాక 2018 జనవరి చివర్లో 18కి దించారు. ఏడు నెలలే కదా అనిపిస్తుంది. కానీ దసరా, సంక్రాంతి సీజన్లు రెండూ ఆ ఏడు నెలల్లోనే పోయాయి.

రైడ్ అంటే ఏంటో దగ్గర్నుంచి చూస్తే, నడిపేవాడికి ఎన్నేళ్ళ గడువిచ్చారన్నది ఎందుకంత ముఖ్యమో అర్థమవుతుంది. చినవాల్తేరులోనో లాసన్స్ బే కాలనీలోనో ఇల్లున్నవాళ్ళని అడగండి, కిటికీ ఊచలు ఎన్నాళ్ళకోసారి రంగు అడుగుతాయో చెప్తారు. జెయింట్ వీల్‌కి ఆ ఉప్పుగాలి ప్రతి బోల్టులోకీ పోతుంది. పొద్దున్నే జనం రాకముందు ఖాళీ వీల్ తిప్పి బేరింగ్ చప్పుడు వినాలి. తొట్టెల లాకులు ఒక్కొక్కటీ లాగి చూడాలి, గ్రీజు పెట్టాలి. తుప్పు కనిపించిన చోట గీకి, ప్రైమర్ కొట్టి, మళ్ళీ రంగు వెయ్యాలి. రైడ్ల భద్రతకి ఐఎస్ 15475 అని ప్రమాణమే ఉంది. ఇదంతా ఎవరు చేస్తారు? ఈ యంత్రం రేపు కూడా నాదే అనుకున్నవాడు చేస్తాడు. ప్రభుత్వ పార్కుల్లో పద్ధతి వేరు. రైడ్లు ఒకరికి, బోటింగ్ ఒకరికి, క్యాంటీన్ ఇంకొకరికి, కొద్దేళ్ళ గడువుకి టెండర్. అలా వచ్చినవాడు మొదటి ఏడు సామాను దింపుతాడు, రెండో ఏడు డబ్బు రాబట్టుకుంటాడు, గడువు దగ్గర పడ్డాక రంగు డబ్బా కొనడు. అతన్ని తప్పు పట్టడం కష్టం. ఆ చేత్తో మూడేళ్ళో అయిదేళ్ళో, ఈ చేత్తో 99 ఏళ్ళు. ఏది నిలబడుతుందో చెప్పడానికి జ్యోతిష్యం అక్కర్లేదు.

బయటి ఊళ్ళలోనూ ఇదే జరిగింది. ఢిల్లీ అప్పూఘర్ 1984లో మొదలై 2008లో మూతపడింది. జనం రాక కాదు. ప్రగతి మైదాన్ పక్కనున్న ఆ జాగా సుప్రీంకోర్టు విస్తరణకీ మెట్రోకీ కావాల్సొచ్చింది. కోల్‌కతాలో 1991లో తెరిచిన నిక్కో పార్కు మాత్రం ఇప్పటికీ నడుస్తోంది. అందులో బెంగాల్ ప్రభుత్వమే భాగస్వామి. పార్కు మూతపడితే తన వాటా కూడా పోతుందన్న భయం ప్రభుత్వానికి ఉండటం ఎంత తేడా చేస్తుందో అక్కడ కనిపిస్తుంది.

అధికారులు చెప్పేదీ ఉంది. పాత రైడ్లకి ఆదరణ తగ్గిందని, సదస్సులు, మాల్స్ వల్ల ఉద్యోగాలు, పన్నులు వస్తాయని, కైలాసగిరి మీద 2025 డిసెంబరులో తెరిచిన గాజు వంతెన చూడమని అంటారు. వంతెన చూడ్డానికి జనం వెళ్తున్న మాట నిజమే.

ఆదరణ తగ్గిందన్న మాట మాత్రం ఎండాకాలం ఎగ్జిబిషన్ వేసిన ఏ మైదానానికైనా వెళ్తే నిలబడదు. లారీల్లో వచ్చిన వీల్‌ని చెక్క దిమ్మల మీద నిలబెడతారు, పక్కనే జనరేటర్ మోగుతుంటుంది. కొలంబస్‌కి లైను, డాషింగ్ కార్లకి లైను, చేతిలో ముంత మసాలా పొట్లంతో పిల్లల వంతు కోసం చూసే నాన్నలు. జనం ఉన్నారు, డబ్బూ పెడుతున్నారు. కొద్దివారాల్లో విప్పుకుని పోయే యంత్రం మీద పెడుతున్నారు, అంతే. పాత పార్కుల్లో అన్నీ బాగుండేవని ఎవరూ అనరు. ఆగిపోయిన రైడు మీద ‘మరమ్మతులో ఉంది’ అన్న అట్టముక్క చూడని పిల్లలు విశాఖలో తక్కువే. అయినా ఆ రైడు పాడైతే నిలదియ్యడానికి ఒక చిరునామా ఉండేది.

లులు ప్రతిపాదనలో హైపర్ మార్కెట్, మల్టీప్లెక్సుతో పాటు ఫన్‌టురా పేరుతో పిల్లల ఆటల కేంద్రం కూడా ఉంది. అంటే రైడ్లు బీచ్ రోడ్డుకి తిరిగి వస్తాయి, కాకపోతే ఏసీలోకి, కార్డు గీకితే తిరిగేవిగా. శృంగవరపుకోట నుంచి నలుగురు పిల్లలతో, సద్ది కట్టుకుని వచ్చే కుటుంబానికి ఆ గేటు దగ్గర ఎంత చోటుంటుందో మాల్ సెక్యూరిటీని చూసినవాళ్ళకి తెలుసు.

వాదన ఇప్పుడు అద్దె చుట్టూ, వేలం ఎందుకు వెయ్యలేదన్న దాని చుట్టూ నడుస్తోంది, అడగాల్సినవే. రైడ్లు నడిపేవాడికి పదిహేనో ఇరవయ్యో ఏళ్ళ గడువుతో, ప్రభుత్వం కూడా వాటా పెట్టి ఒక జాగా ఇవ్వమని మాత్రం మాల్ వద్దనేవాళ్ళు కూడా గట్టిగా అడగడం లేదు. అలా ఇవ్వదగ్గ జాగాల్లో మొదట గుర్తొచ్చేది వుడా పార్కు దగ్గరి ఎంజీఎం పార్కు. ఆ పేరు ఈమధ్య ఎక్కువగా కనిపించేది ఎగ్జిబిషన్ల, ఫుడ్ ఫెస్టివల్స్ ఫ్లెక్సీల మీద, ‘వేదిక’ అన్న మాట పక్కన.