క్రోమోజోమ్‌కి ఆ ఎక్స్ ఆకారం ఎక్కడిది?

పాఠ్యపుస్తకంలో క్రోమోజోమ్ అంటే ఎక్స్ అక్షరం లాంటి బొమ్మ. కణంలో అవి ఎప్పుడూ అలాగే ఉంటాయని చాలామంది అనుకుంటారు. నిజానికి కణం జీవితంలో ఎక్కువ కాలం క్రోమోజోమ్‌లు కేంద్రకం నిండా పరుచుకున్న సన్నటి పోగులే. దేని మొదలు ఎక్కడో, దేని కొస ఎక్కడో మామూలు మైక్రోస్కోప్‌లో తెలియదు. విడివిడిగా, లావుగా కనబడేది కణం రెండుగా చీలే ముందు కాసేపే.

ఆ కాసేపట్లో జరిగే పని చిన్నది కాదు. మనిషి కణం ఒక్కోదానిలోని డీఎన్‌ఏని సాగదీసి కలిపితే సుమారు 2 మీటర్లు వస్తుంది. కేంద్రకం అడ్డుకొలత మిల్లీమీటరులో దాదాపు నూరో వంతు. విభజనకు ముందు ఈ పోగులన్నిటికీ నకళ్లు తయారవుతాయి. 46 పోగులు 46 జంటలవుతాయి. ప్రతి జంటలోనూ ఒకటి ఇటు, ఒకటి అటు వెళ్లాలి.

మరి అంత గందరగోళంలో ఏ పోగుకి ఏది జంటో కణానికి ఎలా తెలుస్తుంది? వెతుక్కోవడం లేదు, అసలు విడిపోనివ్వదు. నకలు తయారవుతుండగానే కొహీసిన్ అనే ఉంగరం లాంటి ప్రోటీన్ సముదాయం రెండు పోగుల్నీ కలిపి పట్టుకుంటుంది. ఈస్ట్ కణాల్లో 1997లో కిమ్ నాస్మిత్, డగ్లస్ కోష్లాండ్ బృందాలు దీన్ని వేర్వేరుగా గుర్తించాయి. అదే ఏడాది తత్సుయా హిరానో బృందం కప్ప గుడ్ల నుంచి తీసిన సారంలో దీని దగ్గరి చుట్టాన్ని వివరించింది. దాని పేరు కండెన్సిన్.

కండెన్సిన్ పని వేరు. అది డీఎన్‌ఏని ఒకచోట పట్టుకుని, ఉచ్చులా లోపలికి లాగుతూ పోతుంది. ఉచ్చు పెద్దదవుతుంది, పోగు పొట్టిదవుతుంది. ఇంధనం ఏటీపీ, అంటే కణాలు శక్తి కోసం వాడే అణువు. ఇంత చిన్న ప్రోటీన్ నిజంగా మోటారులా లాగగలదా అన్న అనుమానం చాలాకాలం ఉండేది. 2018లో ఒకే ఒక్క ఈస్ట్ కండెన్సిన్ ఉచ్చు లాగుతుండగా వీడియో తీశారు. వేగం సెకనుకి 1,500 బేస్ జతల (డీఎన్‌ఏ నిచ్చెనలో మెట్ల లాంటివి) దాకా ఉంది! మనిషి ఒకటో క్రోమోజోమ్‌లోని డీఎన్‌ఏ పొడవు 8 సెంటీమీటర్లకు పైనే. అది కూడా ఇలా ఉచ్చులు ఉచ్చులుగా మడతపడి, మైక్రోస్కోప్ కింద కనబడే చిన్న కడ్డీ అవుతుంది.

ఇక ఎక్స్ సంగతి. విభజన మొదలయ్యాక భుజాల వెంబడి ఉన్న కొహీసిన్ చాలావరకు ముందే ఊడిపోతుంది. నడుమ, అంటే సెంట్రోమియర్ దగ్గర, మాత్రం ఊడదు. అక్కడ షుగోషిన్ అనే ప్రోటీన్ కాపలా ఉంటుంది. జపనీస్‌లో ఆ మాటకి కావలి దేవత అని అర్థం. భుజాలు తెరుచుకుని, నడుము అతుక్కుని ఉంటే వచ్చేదే ఎక్స్. ల్యాబుల్లో ఫొటోల కోసం కణాల్ని కాల్చిసిన్ లాంటి మందుతో ఆ దశలోనే ఆపేస్తారు. ఆలస్యమయ్యేకొద్దీ భుజాలు ఇంకా విచ్చుకుంటాయి. పుస్తకాల్లో అంత అందంగా కనబడే ఎక్స్‌లో సగం ఘనత ఆ మందుదే.

చివరికి ఆ నడుము దగ్గరి పట్టునీ వదిలించాలి. కణం రెండు కొసల నుంచి వచ్చి క్రోమోజోమ్‌లకి తగులుకునే కండె తంతువులనే సన్నటి తాళ్లు జంటల్ని రెండు వైపులకీ లాగుతుంటాయి. ఒక్క జంట సరిగా తగులుకోకపోయినా కణం ఆగుతుంది. అన్నీ కుదిరాక సెపరేజ్ అనే ఎంజైమ్ కొహీసిన్ ఉంగరాన్ని కోసేస్తుంది. పోగులు చెరో వైపు వెళ్లిపోతాయి.

మామూలు కణంలో ఈ ఉంగరాల పని గంటల్లో ముగుస్తుంది. అండకణాల్లో అలా కాదు. అమ్మాయి పుట్టకముందే వాటిలో క్రోమోజోమ్‌లు జతకట్టి, అండం విడుదలయ్యే రోజు దాకా అలాగే ఆగి ఉంటాయి. ఎలుకల్లో చేసిన ప్రయోగాలు చూస్తే, ఈ నిరీక్షణలో కొత్త ఉంగరాలు వచ్చి చేరుతున్న జాడ లేదు. పాతవి మాత్రం తగ్గిపోతుంటాయి. పట్టు సడలితే క్రోమోజోమ్‌లు సరిగా పంచుకోక, అండంలో ఒకటి ఎక్కువో తక్కువో కావచ్చు. తల్లి వయసుతో పాటు, బిడ్డకి 21వ క్రోమోజోమ్ ఒకటి అదనంగా రావడం వల్ల కలిగే డౌన్ సిండ్రోమ్ అవకాశం పెరగడానికి ఇదొక ముఖ్య కారణమని భావిస్తున్నారు. అది మనుషుల్లోనూ నిజమైతే, 40 ఏళ్ల స్త్రీ అండంలో క్రోమోజోమ్‌లని పట్టి ఉంచుతున్నవి ఆమె తన తల్లి కడుపులో ఉన్నప్పుడు తగిలించిన ఉంగరాలే.