తగ్గని నొప్పి, వదలని ఆందోళన: అపోహలు – వాస్తవాలు

బెంగళూరు మారతహళ్ళిలో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్న నా దగ్గరికి వచ్చేవారిలో తెలుగువారే ఎక్కువ. అవుటర్ రింగ్ రోడ్డు కంపెనీల్లో ఉద్యోగాలు చేసే యువతీయువకులు, మనవల్ని చూసుకోవడానికి కర్నూలు, అనంతపురం, చిత్తూరు వైపు నుంచి వచ్చి పిల్లల దగ్గర ఉంటున్న పెద్దవాళ్ళు వీరిలో ప్రధానంగా కనిపిస్తారు. మూడు నెలలకు మించి కొనసాగే, లేదా తగ్గినట్టే తగ్గి తిరగబెట్టే నొప్పిని వైద్యులు దీర్ఘకాలిక నొప్పిగా పరిగణిస్తారు. ఇలాంటి నొప్పితో వచ్చినవారు నడుము గురించి, మెడ గురించి అరగంట చెబుతారు గాని, రాత్రి నిద్ర పట్టడం లేదనీ, ఉన్నట్టుండి గుండె దడ వస్తోందనీ మాత్రం అడిగితే తప్ప చెప్పరు. నొప్పికీ ఈ ఆందోళనకూ ఉన్న సంబంధం తెలియకపోవడం వల్లనే కింది అపోహలు బలపడుతున్నాయని నా అభిప్రాయం.

అపోహ: నొప్పి ఎంత ఎక్కువగా ఉంటే లోపల అంత ఎక్కువ దెబ్బ తగిలినట్టు.

కొత్తగా కాలు బెణికినప్పుడు ఈ మాట చాలావరకు నిజమే. నెలల తరబడి సాగే నొప్పి విషయంలో మాత్రం ఇది నిలబడదు. నొప్పిపై పరిశోధన చేసే అంతర్జాతీయ సంఘం 2020లో సవరించిన నిర్వచనం ప్రకారం నొప్పి ఇంద్రియానుభవమే కాక భావోద్వేగ అనుభవం కూడా. కణజాలం దెబ్బతిన్నప్పుడే కాక, దెబ్బతినే అవకాశం ఉందని శరీరం భావించినప్పుడు కూడా అది కలగవచ్చు. నొప్పి సంకేతాలు చాలాకాలం సాగితే వెన్నుపాములోని, మెదడులోని నాడీకణాలు సున్నితంగా మారి, మామూలు కదలికకు కూడా గట్టిగా స్పందించడం మొదలుపెడతాయి. అపార్ట్‌మెంటులో పోపు ఘాటుకే ఫైర్ అలారం మోగడం లాంటిది ఇది: మోత నిజమే, మంట మాత్రం లేదు.

అపోహ: ఎమ్మారైలో డిస్క్ (వెన్నుపూసల మధ్య ఉండే మెత్త) ఉబ్బిందని రాశారు కాబట్టి నా నడుము ఇక పనికిరాదు.

నా దగ్గరికి వచ్చే యువకుల్లో ఎక్కువమందిని భయపెట్టేది నొప్పి కన్నా ఈ రిపోర్టే. కవరు తెరిచి, అందులోని ప్రతి పదాన్నీ అర్ధరాత్రి ఫోనులో వెతికి, వీల్‌చైర్ దాకా ఊహించుకుని వస్తారు. ఏ నొప్పీ లేని వేలమంది స్కానింగులను కలిపి చూసిన 2015 నాటి ఒక సమీక్షలో ఇరవై ఏళ్ళవారిలో దాదాపు 30 శాతం మందికి, యాభై ఏళ్ళవారిలో 60 శాతం మందికి, ఎనభై ఏళ్ళవారిలో 84 శాతం మందికి డిస్క్ ఉబ్బు కనిపించింది. వయసుతో జుట్టు నెరిసినట్టే డిస్కూ మారుతుంది. కాబట్టి రిపోర్టును ఒంటరిగా చదవకూడదు. కాలిలో బలం, స్పర్శ, రిఫ్లెక్సులు పరీక్షించినవారే దానికి అర్థం చెప్పగలరు.

అపోహ: ఆందోళన వల్ల నొప్పి పెరుగుతుందంటే, నొప్పి నాటకమని అన్నట్టే.

ఈ అపోహకు కారణం రోగులు కారు, వారి మాట వినని మేమూ, వారి ఇంట్లోవాళ్ళూ. ఒకావిడను పెద్ద ఆసుపత్రిలో పరీక్షలన్నీ చేసి, “ఏమీ లేదమ్మా, టెన్షన్ తగ్గించుకో” అని రెండు నిమిషాల్లో పంపించేశారు. ఆ తర్వాత ఇంట్లో ఆమె మెడ నొప్పి అన్నప్పుడల్లా అదే మాట వినిపించింది. నిజానికి మెదడు నుంచి వెన్నుపాముకు దిగే సంకేతాలు కూడా నొప్పిని పెంచగలవు, తగ్గించగలవు. మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు 1965లో ప్రతిపాదించిన గేట్ సిద్ధాంతం (వెన్నుపాములో గేటు లాంటి ఏర్పాటు నొప్పి సంకేతాలను ఆపగలదు, వదలగలదు అన్నది) ఈ అవగాహనకు దారి తీసింది. భయం కలిగితే కండరాలు బిగుసుకుంటాయి, మనసు ఆ చోటునే పదేపదే తడుముతుంది, నిద్ర చెడుతుంది. నిద్ర చెడితే మర్నాడు నొప్పి పెరుగుతుంది, దాంతో భయం ఇంకా పెరుగుతుంది. ఇందులో నటన ఎక్కడా లేదు.

అపోహ: నొప్పి పూర్తిగా పోయాకే పనులు మొదలుపెట్టాలి.

అన్నింటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే. వారాల తరబడి మంచానికే పరిమితమైతే కండరాలు బలహీనపడి, లేచిన కొద్దిసేపటికే నొప్పి వస్తుంది. “చూశావా, లేస్తే ఇలా అవుతుంది” అని మళ్ళీ పడుకుంటారు. ఇంకొందరు దీనికి పూర్తిగా విరుద్ధం: కాస్త తేలికగా అనిపించిన ఆదివారం ఇల్లంతా దులిపి, బట్టలన్నీ ఉతికి, తర్వాత మూడు రోజులు కదలలేక పడుకుంటారు. రెండింటికీ మందు ఒకటే: నొప్పిని బట్టి కాకుండా గడియారాన్ని బట్టి పని చేయడం. పొయ్యి దగ్గర ఇరవై నిమిషాలు నిలబడితే నడుము పట్టేస్తుందనుకుందాం. అప్పుడు పదిహేనో నిమిషానికే, నొప్పి ఉన్నా లేకపోయినా, స్టూలు లాక్కుని కూర్చుని కూరగాయలు తరగాలి, తర్వాత మళ్ళీ లేవాలి. ఇది వారం రోజులు ఇబ్బంది లేకుండా సాగితే రెండు నిమిషాలు పెంచాలి. మనవణ్ణి ఎత్తుకోవడానికి భయపడే అమ్మమ్మకు ముందు కిలో బియ్యం సంచితో, తర్వాత రెండు కిలోలతో సాధన చేయిస్తాను. ట్రాఫిక్ రద్దీకి పేరుపడ్డ సిల్క్ బోర్డు కూడలి మీదుగా బైకుపై వెళ్ళడం మానేసిన కుర్రాణ్ణి ముందు మా వీధి చివరి దాకానే నడిపి రమ్మంటాను. మధ్యలో ఒకరోజు నొప్పి పెరిగితే పనిని కొంత తగ్గిస్తాము గాని పూర్తిగా ఆపము.

మందుల విషయంలో రెండు వైపులా అపోహలున్నాయి. షాపులో అడిగి నొప్పి బిళ్ళలను నెలల తరబడి మింగేవారు వాటివల్ల కడుపులో పుండ్లు, మూత్రపిండాలకు హాని కలగవచ్చని ఆలోచించరు. అదే వ్యక్తులు డాక్టరు అమిట్రిప్టిలిన్ రాస్తే అది “పిచ్చి మందు” అని పక్కన పడేస్తారు. డిప్రెషన్‌కు వాడే మోతాదు కన్నా చాలా తక్కువ మోతాదులో దాన్ని నొప్పికి, నిద్రకు ఇవ్వడం ఎంతోకాలంగా ఉన్నదే. నిద్ర కోసం ఆల్ప్రాజోలామ్‌కు అలవాటుపడినవారు దాన్ని ఒక్కసారిగా మానేయకుండా, డాక్టరు పర్యవేక్షణలో తగ్గించుకోవాలి.

మానసిక వైద్యుణ్ణి కలవడం మరీ ముదిరినవారికే అన్న అపోహ కూడా ఉంది. నొప్పి ఉన్నవారికి ఆలోచనల తీరును మార్చే కౌన్సెలింగును చికిత్సలో భాగంగానే సూచిస్తారు. నేరుగా వెళ్ళడానికి సంకోచించేవారు బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ ప్రధాన కేంద్రంగా నడుస్తున్న ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. దడ మొదలైన క్షణంలో మాత్రం, నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలడం చాలామందికి ఉపశమనాన్ని ఇస్తుంది.

ఇదంతా చదివి ఏ నొప్పినీ పట్టించుకోనక్కరలేదని అనుకోవడం కూడా అపోహే. నడుము నొప్పితో పాటు మూత్రం ఆగిపోవడం లేదా అదుపు తప్పడం, కూర్చునే చోట తిమ్మిరెక్కడం, కాలు బలహీనపడుతూ ఉండటం కనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా అత్యవసర విభాగానికి వెళ్ళాలి. జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, గతంలో క్యాన్సర్ ఉండటం వంటివి తోడైతే వెంటనే డాక్టరుకు చూపించుకోవాలి. ఛాతీలో బిగింత, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చెమటలు వస్తే, గతంలో ఎన్నిసార్లు అది ఆందోళనేనని తేలినా సరే, 108కి ఫోను చేసి ముందు ఈసీజీ తీయించుకోవాలి.