కొబ్బరి వేరుకు గాలి కావాలి

కోనసీమలోని రాజోలు ప్రాంతంలో శంకరగుప్తం డ్రెయిన్ అనే మురుగుకాలువ వెంబడి తలలు లేని కొబ్బరి చెట్లు కనిపిస్తాయి. మట్టలన్నీ రాలిపోయి, తల మధ్యలోని లేత చిగురు అయిన మొవ్వు ఎండిపోయి, మోడులు మాత్రం మిగిలాయి. పోటు వచ్చినప్పుడు సముద్రపు నీరు డ్రెయిన్‌లోకి ఎగదన్ని తోటల్లో చేరింది, చేరిన నీరు దిగలేదు. కొబ్బరి సముద్రం ఒడ్డున పెరిగే చెట్టే కదా, ఉప్పునీటికి ఎందుకు చచ్చిపోయింది అని ఎవరికైనా అనుమానం వస్తుంది.

దానికి జవాబు వేళ్లలో ఉంది. కొబ్బరికి తల్లివేరు ఉండదు. మాను మొదట్లోంచి వేల కొద్దీ వేళ్లు పుట్టుకొస్తాయి. నీటినీ ఎరువునీ లాగే వేళ్లలో ఎక్కువ భాగం మాను చుట్టూ 2 మీటర్ల లోపే, మీటరున్నర లోతు లోపే ఉంటాయి. పాదు అంచున కాస్త తవ్వి చూడండి. ఎర్రటి గోధుమ రంగు వేళ్ల మీద అక్కడక్కడా తెల్లటి చిన్న మొటిమల్లాంటివి కనిపిస్తాయి. అవి వేరు ఊపిరి తీసుకునే భాగాలు. మట్టి రేణువుల మధ్య ఉన్న గాలిలోంచి ఆక్సిజన్ వీటి ద్వారా లోపలికి వెళ్తుంది. నీరు నిలిచిపోతే ఆ ఖాళీలన్నీ నీటితో నిండిపోతాయి. గాలి అందక వేరు కుళ్లుతుంది. కుళ్లిన వేరు నీటిని లాగలేదు కాబట్టి, నీళ్లలో నిలబడి కూడా చెట్టు దాహంతో ఎండుతుంది. ఆ నీరు ఉప్పుది కూడా అయితే చావు ఇంకా త్వరగా వస్తుంది.

సముద్రపు ఒడ్డున ఇసుకలో కథ వేరు. ఇసుకలో నీరు నిలవదు. పోటుకి పైకొచ్చిన నీరు పాటుకి దిగిపోతుంది, వాన పడితే ఉప్పు కిందికి కడుక్కుపోతుంది. ఇసుక అడుగున ఉప్పునీటి పైన తేలికైన మంచినీరు ఒక పొరగా నిలుస్తుంది, వేళ్లు ఆ పొరనే వాడుకుంటాయి. అంటే కొబ్బరికి కావలసింది కదిలే నీరు. కొబ్బరి తోటకు అనువైన నేల ఏదని ఎవరైనా అడిగితే నేను ముందు చెప్పేది ఇదే. ఒండ్రు, ఇసుక, ఎర్రనేల ఏదైనా సరే, నేల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే ఉదజని సూచిక (pH) 5.2 నుంచి 8 దాకా ఎంతున్నా సరే, మురుగు పోయే దారి ఉంటే కొబ్బరి సర్దుకుంటుంది. ఆ దారి లేకపోతే ఎంత సారవంతమైన నల్లనేల అయినా లాభం లేదు.

అలాగని ఉప్పు కొబ్బరికి శత్రువు కాదు. ఉప్పులోని క్లోరిన్ ఈ చెట్టుకి పోషకం. ఆకుల మీది పత్రరంధ్రాలు తెరుచుకోవాలన్నా మూసుకోవాలన్నా వాటి పక్క కణాల్లోకి పొటాషియం వచ్చిపోతుండాలి, దానికి జోడీగా ఇంకో పదార్థం ఉండాలి. చాలా మొక్కలు ఆ జోడీని చాలావరకు సొంతంగా తయారు చేసుకుంటాయి. కొబ్బరి మాత్రం క్లోరైడ్ మీదే ఆధారపడుతుంది. అది చాలకపోతే ఎండాకాలంలో రంధ్రాలు సరిగ్గా మూసుకోక నీరు వృథా అవుతుంది. ఫిలిప్పీన్స్‌లో సముద్రానికి దూరంగా ఉన్న తోటలకు కొలత ప్రకారం ఉప్పు వేయమని అక్కడి ప్రభుత్వ కొబ్బరి సంస్థే సిఫారసు చేస్తుంది. ఇక పొటాషియం ఇచ్చే ఎరువు, అంటే పొటాష్ సంగతి. కాపు చెట్టుకి నత్రజని కంటే రెట్టింపు పైగా పొటాష్ కావాలి. మన రైతులు చాలామంది యూరియా చల్లి సరిపెట్టుకుంటున్నారు, అది బాధ కలిగించే విషయం.

వాతావరణం విషయానికొస్తే, భూమధ్యరేఖకు అటూ ఇటూ 20 డిగ్రీల అక్షాంశాల మధ్య కొబ్బరి బాగా కాస్తుంది. ఏడాది సగటు ఉష్ణోగ్రత 27 డిగ్రీలు, పగటికీ రాత్రికీ తేడా 5 నుంచి 7 డిగ్రీలు ఉంటే దానికి హాయి. ఉత్తర భారతంలో చెట్టు పెరిగినా చలికి పూత సరిగ్గా నిలవదు, కాయలు పట్టడం కష్టం. తెలంగాణ లోపలి జిల్లాల్లో వచ్చే ఇబ్బంది వేరు. అక్కడ మే నెల వడగాలికి, పొడి గాలికి పిందెలు రాలిపోతాయి. ఎండ మాత్రం కావాలి. కొబ్బరి నీడను ఓర్చుకోదు. చెట్టుకీ చెట్టుకీ 25 అడుగులు వదిలితే ఎకరానికి 70 చెట్లు పడతాయి. ఖాళీ కనిపించిన చోటల్లా ఇంకో మొక్క కుక్కితే అన్నీ వెలుతురు కోసం సన్నగా పైకి సాగుతాయే తప్ప గెలలు వేయవు.

ఏడాదికి 1,500 నుంచి 2,500 మిల్లీమీటర్ల వాన, అది కూడా నెలనెలా పడితే కొబ్బరికి శ్రేష్ఠం. కోనసీమలో అంత పడదు, పడేది కూడా నాలుగైదు నెలల్లోనే. ఆ లోటును గోదావరి కాలువలు తీరుస్తున్నాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ డెల్టాకి ఏడాదిలో ఎక్కువ కాలం నీరందే ఏర్పాటు కుదిరింది. అయితే కాలువలకు నీరు ఆపేసే వేసవి వారాలే చెట్టుకి గడ్డుకాలం. కాపు చెట్టుకి అప్పుడు రోజుకు 40 నుంచి 50 లీటర్ల నీరు కావాలి. పాదులో కొబ్బరి డొక్కలు (పీచు తొక్కలు), ఎండుమట్టలు పరిస్తే ఆ తడి ఇంకొన్ని రోజులు నిలుస్తుంది.

ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. ఆ వేసవి నష్టం ఆ ఏడాదితో తీరిపోదు. పూగుత్తిని కప్పి ఉంచే తొడుగు, అంటే పొత్తి, పగలడానికి దాదాపు 32 నెలల ముందే మొవ్వు లోపల ఆ గెల రూపు దిద్దుకోవడం మొదలవుతుంది. పొత్తి పగిలాక కాయ ముదరడానికి ఇంకో 12 నెలలు. ఈ రోజు దింపు తీసిన కాయ వెనక మూడున్నరేళ్లకు పైబడిన బతుకు ఉంది. ఎప్పుడో పడిన కరువు రెండో ఏట, మూడో ఏట దిగుబడి తగ్గి బయటపడుతుంది. అప్పుడు రైతు ఈ ఏటి తెగులునో, వేసిన మందునో తప్పుపడతాడు. ఎరువు వేసిన ఏడాదే కాయలు పెరగలేదని మానేయడం కూడా ఇలాంటిదే. పొటాష్ మొదలుపెట్టినా, డ్రిప్ పెట్టించినా, మురుగుబోదె తవ్వించినా కనీసం మూడేళ్లు కాయల లెక్క రాసి పెట్టుకుని, ఆ తర్వాతే పనికొచ్చిందో లేదో తేల్చుకోవాలి.