పొద చాటు, ఆరుబయలు, సొంత తోట

మన సాహిత్యంలో ప్రేమ వెతుక్కునే ఆడమనిషి చుట్టూ ఏదో ఒక చెట్టూ చేమా ఉంటూనే ఉంటాయి. అందం కోసం పెట్టారులే అని సరిపెట్టుకుంటాం గానీ, మొదట్లో వాటికి చాలా ప్రాక్టికల్ పని ఉండేది. చాటు ఇవ్వడం.

శాతవాహన రాజు హాలుడి పేరుమీద ఉన్న గాథాసప్తశతి చూడండి. ప్రాకృతంలో ఏడువందల చిన్న పద్యాలు, చాలావాటిలో గొంతు పల్లెటూరి ఆడవాళ్లది. ఒక గాథలో వరిచేలు పండి తెల్లబడుతుంటే ఒకమ్మాయి తలొంచుకుని ఏడుస్తుంటుంది. పంట చేతికొచ్చే వేళ ఏడుపేంటి అంటే, కోతలైపోతే ప్రియుణ్ణి చాటుగా కలుసుకునే చోటు పోతుంది, అదీ సంగతి. పక్కనున్నామె ఓదారుస్తుంది: ఎందుకే ఏడుస్తావ్, జనుము చేను మొహానికి పసుప్పచ్చ రంగు పూసుకున్న ఆటకత్తెలా తయారైంది చూడు, అని. జనుము ఎంత గుబురుగా ఎదుగుతుందో, పసుప్పచ్చగా ఎలా పూస్తుందో మన కోస్తా రైతులకి వేరే చెప్పాలా!

ఇంకో గాథలో ఒకామె ఒక ధార్మికుడితో అంటుంది, స్వామీ, ఇక నిశ్చింతగా తిరగండి, మిమ్మల్ని బెదిరించే ఆ కుక్కని గోదావరి ఒడ్డు పొదల్లో ఉండే సింహం ఇవాళ చంపేసింది అని. ఆ పొదలే ఆమె తన ప్రియుణ్ణి కలుసుకునే చోటు. ఇక ఆయన అటు అడుగుపెడతాడా? తొమ్మిదో శతాబ్దంలో ఎక్కడో కాశ్మీరంలో కూర్చున్న ఆనందవర్ధనుడు ధ్వని, అంటే పైకి చెప్పకుండా స్ఫురింపజేసే అర్థం, ఏమిటో చెప్పడానికి ఈ గాథనే ఎత్తుకున్నాడు.

పదహారో శతాబ్దంలో పెద్దన మనుచరిత్రలో వరూధిని దగ్గరికొచ్చేసరికి చాటు అక్కర్లేదు, హిమాలయమంతా ఆమెదే. ప్రవరుడు ఆమెని 'భీతహరిణేక్షణ', అంటే బెదిరిన లేడి కళ్లది, అని పిలుస్తాడు గానీ, నిజానికి దారి తప్పి బెదిరిపోయింది ప్రవరుడే. ఆమె నోరు తెరిచి ప్రేమ అడిగింది, దక్కింది మాత్రం ప్రవరుడి వేషం వేసుకొచ్చిన గంధర్వుడు. ఆ తర్వాతి ప్రబంధాల్లో తోటలూ వెన్నెలా విరహవర్ణనకి సరుకైపోయాయి, చంద్రుణ్ణి తిట్టడం, గాలిని తిట్టడం. నిజం చెప్పాలంటే ఆ పేజీలు తిప్పేయాలనిపిస్తుంది.

1920ల చివర్లో చలం నవల మైదానంతో పెద్ద గొడవే లేచింది. ప్లీడరు భార్య రాజేశ్వరి అమీర్‌తో వెళ్లిపోతుంది, ఊరికి దూరంగా, ఏటి పక్కన, పైన ఆకాశం తప్ప ఏ చాటూ లేని చోటికి. గాథల్లో పొద దాచిందాన్ని చలం ఎండలో పెట్టాడు. జనం తిట్టింది లేచిపోయినందుకే, కానీ నాకు పట్టేది వేరే: ఆ బయల్లో అత్తగారు లేదు, ఇరుగుపొరుగు లేదు, మగాడి పెత్తనం మాత్రం ఉంది. కడుపొస్తే తీయించుకోమంటాడు అమీర్, అక్కడే ఆ స్వేచ్ఛకి బీటలు పడతాయి.

ఓల్గా విముక్త కథలకి 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. అందులో 'సమాగమం' కథలో ప్రేమ అడిగినందుకు ముక్కూ చెవులూ పోగొట్టుకున్న శూర్పణఖ అడవిలో సీతకి కనిపిస్తుంది. మొదట అందమైన ప్రతిదాన్నీ అసహ్యించుకున్న మనిషి, మెల్లగా మట్టిలో చేతులు పెట్టి, మొక్కలు పెంచి, తోట చేసుకుంది. సుధీరుడు ఆమె జీవితంలోకి తోడుగా ఆ తర్వాతే వస్తాడు. ఆ తోట అతని కోసం వేసింది కాదు.