ముందు బిందెనా, నీళ్లా?

పిల్లలూ,

"తాతయ్యా, 'ట్వెంటీ టు ఎయిటీన్ కేమ్ టు మీ' అని రాస్తే క్లాసంతా నవ్వారు. ఇరవైకి పద్దెనిమిది వచ్చాయంటే అంతేగా?" అని చిన్నోడు రాశాడు. పాపం, మాటకి మాట సరిగ్గానే పెట్టాడు. వచ్చిన చిక్కల్లా వరసతోనే.

మనం ముందు బిందె చూపిస్తాం. ఇది ఇరవై చెంబులు పడుతుంది, ఇందులో పద్దెనిమిది ఉన్నాయి అన్నట్టు. ఇంగ్లీషులో ముందు నీళ్లే: ఎయిటీన్ అవుటాఫ్ ట్వెంటీ. బిందెలోంచి తోడి చూపించినట్టుంటుంది ఆ 'అవుటాఫ్'. పైగా మన మార్కులు వాటంతటవే నడిచొస్తాయి. అక్కడ మనమే వెళ్లి తెచ్చుకోవాలి, 'ఐ గాట్' అని. ఇక తోడగా మిగిలిన ఆ రెండు చెంబులూ... సరే, బిందె దించేస్తున్నాను, బరువెక్కింది.

'ట్వెంటీ టు ఎయిటీన్' అన్నావనుకో, అది ఆట స్కోరు. విన్నవాళ్లు ఎవరు గెలిచారని అడుగుతారు.

నేనూ తక్కువ తినలేదులే. మాస్టారు 17 వేసి, గీత గీసి, కింద 20 వేసేవారు. లెక్కల క్లాసులో అలవాటైన నోరు కదా, దూరాన ఉన్న మావయ్యకి ఇంగ్లీషు ఉత్తరంలో 'ఐ గాట్ సెవెంటీన్ బై ట్వెంటీ' అని గొప్పగా రాశాను. "గది బాగా పెద్దదేరా, కిటికీలెన్ని?" అని జవాబొచ్చింది. మధ్యలో 'బై' పడితే గది కొలతలా వినిపిస్తుందని అప్పుడు తెలిసింది.

చిట్టితల్లికి 60 శాతం నుంచి 66 శాతానికి పెరిగాయట. 'సిక్స్ పర్సెంట్' పెరిగాయనకమ్మా, 'సిక్స్ పర్సెంటేజ్ పాయింట్స్' అను. 60కి 6 పదోవంతు కాబట్టి, పర్సెంట్‌లో చెబితే పెరిగింది పది. పెద్దవాళ్లు కూడా తడబడేది ఇక్కడే. పది పెద్దగా కనిపిస్తోందని అదొక్కటే చెప్పుకు తిరగకు మరి.

అసలు 'స్కోర్' అంటే లెక్క కోసం కర్ర మీద పెట్టిన గాటు. ఇరవైని కూడా స్కోర్ అనేవారు. 1863లో అమెరికాలోని గెటిస్‌బర్గ్‌ ఊళ్లో ఇచ్చిన ప్రసంగంలో ఆ దేశాధ్యక్షుడు లింకన్ 87 ఏళ్లని 'ఫోర్ స్కోర్ అండ్ సెవెన్' అన్నాడు.

సున్నాకైతే ఆటకో పేరు. టెన్నిస్‌లో 'లవ్', బ్రిటన్ ఫుట్‌బాల్‌లో 'నిల్', క్రికెట్‌లో సున్నాకే ఔటైతే 'డక్'! ఈసారి ఇంగ్లీషు కామెంటరీతో ఫుట్‌బాల్ వస్తే కాసేపు కళ్లు మూసుకుని వినండి. రెండు జట్లకీ రెండేసి గోల్స్ అయినప్పుడు ఏమంటారో నాకు రాసి పంపండి.

మీ తాతయ్య