జిగురు మూత తీసే ముందు

ప్రియమైన పిల్లలకు,

ఆశీస్సులు. స్కేల్ మోడల్స్, అంటే అసలు విమానాలను, కార్లను కొలత ప్రకారం కుదించి చేసే చిన్న నమూనాలు, కట్టడం నేర్చుకోవాలని ఉందని, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమని అడిగారు. కొత్త కిట్ పెట్టె తెరవగానే ఎవరి చెయ్యైనా జిగురు సీసా మీదికే పోతుంది. దాని మూత అప్పుడే తీయకండి. ముందు పెట్టె మీద ఉన్న స్కేల్ చూడండి. విమానమైతే సాధారణంగా 1/72 అనో 1/48 అనో, కారైతే 1/24 అనో ఉంటుంది. ఈ పనిలో సగం తెలివి ఆ అంకెను పట్టుకోవడంలోనే ఉందని నా నమ్మకం.

1/72 అంటే అసలు విమానంలో ఆరడుగులు మోడల్‌లో ఒక్క అంగుళం. ఆరడుగుల పైలట్ అంగుళం బొమ్మ అయిపోతాడు. 1/24 కారులోనైతే అదే మనిషి మూడంగుళాలు. రెండో ప్రపంచ యుద్ధం నాటి స్పిట్‌ఫైర్ విమానం ఒక రెక్క కొస నుంచి ఇంకో రెక్క కొసకు 11.23 మీటర్లు. 1/72లో అది 15.6 సెంటీమీటర్లు, అంటే మీ జానెడు. ఆ యుద్ధ కాలంలోనే, 1942లో, అమెరికాలో బడిపిల్లల చేత 1/72 స్కేల్‌లో చెక్క విమానాలు చేయించారు. ఆకాశంలో ఎగిరేది మనదో శత్రువుదో గుర్తుపట్టడం సైనికులకు వాటితో నేర్పేవారు. ఆ స్కేల్ మోడల్‌ను 35 అడుగుల దూరంలో పెడితే, అసలు విమానం సుమారు అర మైలు దూరంలో ఎంత కనిపిస్తుందో అంతే కనిపిస్తుంది. మీ వయసు పిల్లలు చేసిన పని అది!

ఇప్పుడు ఈ లెక్కను తిరగేయండి. మీ కిట్‌లో రెక్క వెనక అంచు ఒక మిల్లీమీటర్ మందం ఉందనుకోండి. అసలు విమానం మీద అది 7.2 సెంటీమీటర్లతో సమానం. గాలిని కోసుకుంటూ పోయే రెక్కకు అంత మొద్దు అంచు ఉంటుందా? అందుకే రెక్క పై సగం, కింది సగం అతికించే ముందు ఆ అంచును లోపలి వైపు నుంచి సాండ్‌పేపర్‌తో రుద్ది పలచన చేస్తారు. పెయింట్ సంగతీ అంతే. మిల్లీమీటర్‌లో పదో వంతు మందం పూత వేసినా, అసలు విమానానికి ఏడు మిల్లీమీటర్ల పెయింట్ మెత్తినట్టు. రేకుల మధ్య సన్నటి గీతలన్నీ పూడిపోతాయి. ఒకే పూత దట్టంగా వేసే బదులు, పలచగా కలిపి రెండు మూడు పూతలు వేయండి. ఒకటి ఆరాకే ఇంకొకటి.

కారు ఇంజన్‌లో వైర్లు పెట్టాలన్నా ఇదే లెక్క. స్పార్క్ ప్లగ్ వైరు అసలు కారులో ఏడెనిమిది మిల్లీమీటర్ల లావు ఉంటుంది. 1/24లో అది 0.3 మిల్లీమీటర్. పాత కరెంటు వైరు ఒలిస్తే లోపల కనిపించే రాగి పోగుల్లో ఆ లావుకు దగ్గరగా ఉన్నది దొరుకుతుంది. సీటు బెల్టుకు రెండు మిల్లీమీటర్ల వెడల్పున కోసిన మాస్కింగ్ టేపు సరిపోతుంది.

ఇక జిగురు. ప్లాస్టిక్ కిట్ల జిగురు పైపైన అంటుకునేది కాదు. అది పాలీస్టైరీన్ ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. కరిగిన రెండు అంచులూ కలిసిపోయి, ఆరాక ఒకే ముక్క అవుతాయి. ఇది తెలిస్తే చాలా విషయాలు మీకే అర్థమవుతాయి. అతికించే అంచు మీద పెయింట్ ఉంటే ఎందుకు గీకేయాలి? జిగురు ప్లాస్టిక్‌కు తగలాలి కాబట్టి. ఎక్కువ పోస్తే ఏమవుతుంది? పైన ఉన్న అందమైన గీతలు కూడా కరుగుతాయి. కాక్‌పిట్ అద్దానికి మాత్రం ఈ జిగురు గానీ సూపర్ గ్లూ గానీ వాడకండి. సూపర్ గ్లూ ఆవిరికి అద్దం మీద తెల్లటి మసక కడుతుంది. తెల్లగా ఉండే పీవీఏ జిగురు వాడండి, ఆరాక కనబడదు. కిటికీలు తెరిచి పని చేయండి. బ్లేడు వాడేటప్పుడు పెద్దవాళ్లు పక్కన ఉండాలి. మొండి బ్లేడుకు బలం ఎక్కువ పెట్టాలి, అది జారితే వేళ్లకే ప్రమాదం.

అతికించిన చోట మిగిలిన గాడిని పుట్టీతో నింపి, ఆరాక తడి సాండ్‌పేపర్‌తో రుద్దండి. తర్వాత ప్రైమర్ వేస్తే, కంటికి కనబడని గీత కూడా బయటపడుతుంది. మళ్ళీ రుద్దండి, మళ్ళీ ప్రైమర్ వేయండి. విసుగ్గా ఉంటుంది, నిజమే. కానీ విమానం వీపు మీద అతుకు గీత కనబడితే ఎంత బాగా రంగులేసినా అది ప్లాస్టిక్ బొమ్మలాగే ఉంటుంది. అందుకే ఓపికంతా ఇక్కడే ఖర్చుపెట్టమంటాను.

గుర్తులు, నంబర్లు ఉండే డెకాల్స్ అనే పలచటి స్టిక్కర్లను నీళ్ళలో నానబెట్టి, కాగితం మీంచి జరిపి అతికిస్తారు. మెరుపు లేని గరుకు పెయింట్ మీద వేస్తే కింద గాలి చిక్కుకుని వెండిలా తళుక్కుమంటుంది. ముందు గ్లాస్ కోటు, అంటే రంగు లేని మెరిసే పూత, వేసి నున్నగా చేస్తే ఆ బెడద ఉండదు.

నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఆ తర్వాత వస్తుంది. వాడిన విమానంలా కనిపించేందుకు పెయింట్ లేచిపోయినట్టు, పొగ పట్టినట్టు చేయడం. చాలామంది ప్రతి విమానం మీదా వెండి రంగు చుక్కలు పెట్టేస్తారు. బ్రిటన్ వాళ్ల మస్కిటో విమానం మీద అలా పెడితే తప్పు. ఇంజన్ మూతల్లాంటి కొన్ని భాగాలు తప్ప అది చెక్క విమానం. బాల్సా చెక్కకు రెండు వైపులా బిర్చ్ ప్లైవుడ్ అతికించి చేశారు. రంగు లేస్తే అక్కడ అల్యూమినియం ఎక్కడిది? అలాగే 1944 జూన్ 6న ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరంలో మిత్రరాజ్యాల సైన్యం దిగే ముందు, సొంతవాళ్లే పొరపాటున కాల్చకుండా మిత్రరాజ్యాల విమానాల మీద నలుపు తెలుపు పట్టీలు వేశారు. వాటిలో చాలావాటికి హడావిడిగా, బ్రష్షులతోనే పూశారు. కాబట్టి ఆ నాటి విమానం మీద పట్టీల అంచులు కాస్త వంకరగా ఉన్నా పరవాలేదు, ఉంటేనే నిజం. పొగ మరక ఎగ్జాస్ట్ గొట్టం దగ్గర మొదలై గాలి పోయే దిక్కున వెనక్కి సాగాలి. మరక పెట్టే ముందు ఆ విమానం పాత ఫోటోలు చూడండి, ఆ మరక అక్కడికి ఎలా వచ్చిందో ఆలోచించండి. షోరూమ్ కారుకు ఈ మురికి ఏదీ వద్దు, అద్దంలా మెరిసే దాకా పాలిష్ చేస్తే చాలు.

మొదటి కిట్‌గా 1/72లో ఒకే ఇంజన్ ఉన్న ఫైటర్ తీసుకోండి. ముక్కలు తక్కువ, బ్రష్షుతోనే రంగులేయొచ్చు. ముక్కు కింద చక్రం ఉన్న రకమైతే, విమానం ఒంటి రెండు సగాలూ మూసేయక ముందే ముక్కులో బరువు పెట్టాలి, లేకపోతే తోక మీద కూలబడుతుంది. ముక్కల్ని టేపుతో తాత్కాలికంగా కలిపి, పెద్ద చక్రాలు వచ్చే చోట కింద వేలు ఆనించి ఎత్తి చూడండి. విమానం ముందుకు వాలితే బరువు సరిపోయింది. అప్పుడు తీయండి జిగురు మూత.

మీ తాతయ్య